నలభై ఒకటో విచారణ

బెల్లంకొండ ఫిర్కాలో ఏ బడిపిల్లవాణ్ణి పట్టుకుని మన జిల్లాకు తాలూకాలెన్నిరా అని అడిగినా నీళ్ళు నమిలే రోజులవి. గుంటుపాలెం మిషను బడి పిల్లలు మాత్రం ఇటలీ దేశపు కాస్తెల్వారా మేత్రాసనంలో, అంటే అక్కడి బిషప్పు ఏలుబడిలో, విచారణలనే గుడి ఇలాకాలు అరవై మూడని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. పన్నెండో విచారణకు పాలక అర్చ్యశిష్టుడు, అంటే ఆ గుడిని కాపాడే పునీతుడు, ఎవరో, ముప్పయ్యో విచారణలో ద్రాక్షతోట ఎవరిదో కూడా చెప్పేవాళ్ళు. వాళ్ళ అయ్యల్లో సత్తెనపల్లి దాటి వెళ్ళినవాళ్ళు నలుగురైదుగురుంటే గొప్ప. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గుంటూరు జిల్లా పటం చూపించమంటే గోడ మీద ఉన్న ఒకే ఒక్క పటం ఇటలీదైంది. ఆయన టీ తాగకుండానే బండెక్కాడు.

ఇదంతా ఉపదేశి తాళ్ళూరి జీవరత్నం నిర్వాకం. విచారణ గురువు ఆరు మైళ్ళ అవతల బంగళాలో ఉంటాడు, నెలకొకసారి గుర్రబ్బండి మీద వచ్చి పూజ చేసి వెళ్తాడు. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ గుడి, బడి, జపాలు, పెళ్ళి మాటలు, చావు కబుర్లు, ఆఖరికి సమాధుల దొడ్డి చుట్టూ వేసే కంప కూడా ఉపదేశి పనే. జీవరత్నం మంచివాడే. అయితే లెక్క తప్పితే ప్రాణం పోయేంత మంచివాడు, అలాంటివాళ్ళతో కాపురం చేయడం ఎంత కష్టమో ఆయన భార్య దేవమ్మను అడగాలి. ఆదివారం గుడికొచ్చే పిల్లల మెడలు, జబ్బలు తడిమి చూసేవాడు. మసీదు వెనకుండే నాగూర్ వలి రాసిచ్చిన తాయెత్తు ఎక్కడ తగిలినా జేబులోంచి కత్తెర తీసి దారం కత్తిరించేవాడు. నాగూర్ వలికీ ఆయనకూ పగేమీ లేదు. ఎదురుపడితే అన్నా అంటే అన్నా అనుకునేవాళ్ళు. ఎవరి పని వాళ్ళదన్నమాట.

ఆయనకు ఆ ఇటలీ పిచ్చి ఎక్కించినవాడు బెర్తోలీ స్వామి. ఇటుపక్క గురువులు చాలక కృష్ణ అవతలి నుంచి అరువొచ్చిన ఇటలీ దొర. ఆయనది కాస్తెల్వారా. ఆ మేత్రాసనం వాళ్ళు అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఆయన దగ్గరుండేది. బంగళా వసారాలో కూర్చుని అందులోంచి ఒక్కో పేజీ చదివి తనకొచ్చిన తెలుగులో చెప్పేవాడు. ఆ మేత్రాసనానికి తొమ్మిది వందల ఏళ్ళట. ఒక అర్చ్యశిష్టుడి చేతి ఎముక తమదంటే తమదని రెండు ఊళ్ళు నూటయాభై ఏళ్ళు కొట్టుకుంటే పోపుగారు కలగజేసుకుని మేత్రాసనాన్ని రెండుగా చీల్చాడట. కోడిపందెం మీద రాజ్యాలు తగలబెట్టుకున్న గడ్డ మీద పుట్టినవాడికి ఆ ముక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మేత్రాణులంటే బిషప్పు, మన కలెక్టరు లాంటివాడు, కింద ఆరు ఫిర్కాలకు ఆరుగురు పెద్ద గురువులు, వాళ్ళ కింద విచారణలు, విచారణకొక గురువు, గురువు దగ్గర మూడు రిజిస్టర్లు. పుట్టినవాడు, పెళ్ళాడినవాడు, చచ్చినవాడు ఎవరైనా సరే మూడింట్లో ఎక్కడో ఒకచోట దొరకాల్సిందే.

జీవరత్నానికి పట్టుకున్నది ఆ ఆఖరి మాట. భూములకు కరణం ఉన్నట్టు ఆత్మలకూ కరణీకం ఉంది. ఏ మనిషీ ఊరికే పోడు. ఎక్కడో ఒక పుస్తకంలో, ఏదో ఒక వరసలో ఉంటాడు. అంత నమ్మకంగా ఆయన ఇంకే సంగతీ నమ్మలేదు.

వరసలో లేనివాళ్ళు కూడా ఉంటారు మరి. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో కలరా వచ్చినప్పుడు మత్తయ్య అనే కూలి మనిషి ఇద్దరు పిల్లలూ మంచాన పడితే ఆగలేక పోలేరమ్మకు కోడిని కోశాడు. పిల్లలు లేచారు. మర్నాడు మత్తయ్య పోయాడు. బెర్తోలీ స్వామి వచ్చి, ఇతను మనవాడిగానే పోయాడా అని ఉపదేశిని అడిగాడు. జీవరత్నం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మత్తయ్యను దొడ్డి కంపకు బయట, తూర్పు పక్కన పూడ్చారు. అతని భార్య జ్ఞానమ్మ ఆ తరవాత జీవరత్నంతో మాట్లాడలేదు. ఏటా నవంబరు రెండున సమాధుల పండగ నాడు జనమంతా లోపల సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఆమె ఒక్కతే కంప బయట నిలబడేది. గురువు తీర్థం చల్లుకుంటూ కంప దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. ఉపదేశి చనిపోయినవాళ్ళ పేర్లు చదివేవాడు. మత్తయ్య పేరు అందులో ఉండేది కాదు.

నలభయ్యో సంవత్సరంలో రెండు జరిగాయి. నెల్లూరు మేత్రాసనం చీలి గుంటూరు మేత్రాసనం ఏర్పడింది. మనకూ మొదలైందని జీవరత్నం పొంగిపోయాడు. రెండోది, ఇటలీ యుద్ధంలోకి దిగింది, ఇటలీ దొరలందరినీ క్యాంపుల్లో పెట్టమని సర్కారు హుకుం. పోలీసులు వచ్చినప్పుడు బెర్తోలీ స్వామి ఎర్ర సిరా కలం కడుగుతున్నాడట. చేతులు తుడుచుకుని పుస్తకం జీవరత్నం చేతిలో పెట్టాడు. మెళ్ళో ఉన్న నల్లపూసల జపమాల తీసి దాని మీద పెట్టాడు. మళ్ళీ రాలేదు. క్యాంపులోనే జ్వరం తగిలి పోయాడని నలభై రెండులో తెలిసింది.

ఆ నలభై రెండులోనే, ఆ కబురు వచ్చిన నెలలోపే, జీవరత్నం ఒక్కగానొక్క కొడుకు బాలశౌరి చెప్పాపెట్టకుండా గుంటూరు వెళ్ళి పటాలంలో పేరు రాయించుకొచ్చాడు. పంతొమ్మిదేళ్ళవాడు. వంతెనలు కట్టే పటాలమట. యుద్ధం ఎవరితో నాయనా అని తల్లి అడిగితే జర్మనీవాళ్ళతో, ఇటలీవాళ్ళతో అన్నాడు. తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

బెల్లంకొండ స్టేషనులో మాచర్ల నుంచి వచ్చే బండి ఆగేది కాసేపే. బాలశౌరి ఆ కాసేపట్లో అడిగాడు, స్వామి జపమాల ఇయ్యి నాయనా, మెళ్ళో ఏసుకుంటా అని. అది జీవరత్నం జేబులోనే ఉంది. ఇద్దామనే తెచ్చాడో ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. అడిగేసరికి మాత్రం జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆయన జపమాల మెళ్ళో ఏసుకుని ఆయన ఊరి మీదికే పోతావంట్రా?" అన్నాడు.

బాలశౌరి ఇంకోసారి అడగలేదు. బండి కదిలింది. జపమాల ఇంటికి తిరిగొచ్చి గోడ మేకుకు వేలాడింది.

నలభై అయిదు ఫిబ్రవరిలో తంతి వచ్చింది. ఇటలీలో కనిపించకుండా పోయాడని దానిలో ఉంది. చనిపోయాడని లేదు. దేవమ్మ మూడు రోజులు ఏడ్చి నాలుగో రోజు ఆపేసింది. లేడన్నారా, కనపళ్ళేదన్నారు, కనపడనివాడు కనపడతాడు అంది. జీవరత్నం ఏడవలేదు. ఏడుపు రాలేదు. బడికి వెళ్ళాడు, వచ్చాడు, పెట్టింది తిన్నాడు. ఒక సాయంత్రం జపాలప్పుడు లాంతరు చిమ్నీ పట్టుకుని అలాగే నిలబడిపోతే వేళ్ళు బొబ్బలెక్కాయి, పక్కవాళ్ళు లాగితే గాని వదల్లేదు. నొప్పిగా లేదా అని అడిగితే లేదన్నాడు. నిజంగానే లేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది, దాని మీద నిలబడొచ్చు, నడవొచ్చు, అంతే.

ఆ ఏటి సమాధుల పండగకు కొడుకు పేరు చదవాలా వద్దా అన్నది మొదటి తగువు. చదివితే నేను గుడి గడప తొక్కనని దేవమ్మ చెప్పేసింది. కొత్తగా వచ్చిన తెలుగు గురువు ఇన్నాసి స్వామి, చావు తెలియనివాడి పేరు ఎలా చదువుతాం, ఆగమన్నాడు. జీవరత్నం చదవలేదు. ఇళ్ళవాళ్ళంతా తమ తమ సమాధుల దగ్గర నిలబడ్డప్పుడు భార్యాభర్తలిద్దరూ ఎక్కడ నిలబడాలో తెలియక ద్వారం దగ్గర ఉండిపోయారు.

క్రిస్మసు ముందు ఎడ్లపాడు నుంచి ప్రభాకరరావనే అతను ఉత్తరం రాశాడు. బాలశౌరి పటాలంలోనే పనిచేసి ఇంటికి తిరిగొచ్చినవాడు. చెప్పకపోతే పాపమని రాస్తున్నానన్నాడు. నలభై నాలుగు డిసెంబరులో కొండల్లో ఒక ఏటి మీద జర్మనీవాళ్ళు కూల్చిపోయిన వంతెనను కడుతుండగా ఫిరంగి గుండు పడింది. తను ఇవతలి ఒడ్డున ఉన్నాడు, బాలశౌరి అవతలి ఒడ్డున, గుడి దగ్గర. ఆ రాత్రే తమను ముందుకు పంపేశారు. ఊరి పేరు సాంత లూచియా. అంతకు ముందు రోజు అక్కడి బోర్డు చదివి బాలశౌరి గట్టిగా నవ్వాడట. ఈ ఊరు నాకు తెలుసు, ఇది నలభై ఒకటి, మా నాయనకు రాయాలి నలభై ఒకటి చూశానని, అన్నాడట. ఆ నంబరేమిటో నాకు అర్థం కాలేదు, మీకు అర్థమవుతుందేమోనని రాస్తున్నాను అని ముగించాడు.

జీవరత్నం పుస్తకం తీశాడు. పేజీ వెతకనక్కర్లేదు. నలభై ఒకటి, వంతెన దగ్గరి అర్చ్యశిష్ట లూచియమ్మ విచారణ. ఆత్మలు మూడు వందల పన్నెండు. గుడికి ఆనుకుని సమాధులు, చుట్టూ రాతి గోడ. మేత్రాసన పీఠానికి పద్నాలుగు మైళ్ళు. వంతెన ఉంది కాబట్టి పిల్లలందరికీ అదంటే ఇష్టం, వంతెన లూచమ్మ అని అరిచేవాళ్ళు. పదిహేనేళ్ళ పాటు ఎన్నిసార్లు చెప్పించాడో. ఆ పేజీని అలా చూస్తూ కూర్చుని, ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ అనిపించలేదు. పుస్తకం మూసి జపాలకు గంట కొట్టాడు.

అయినా ఆయనకొక పని దొరికింది. విచారణ ఉందంటే గురువు ఉంటాడు. గురువు ఉన్నాడంటే రిజిస్టరు ఉంటుంది. చచ్చిపోయి ఉంటే అందులో బాలశౌరి ఉండాలి, సమాధి ఉండాలి. ఇన్నాసి స్వామి చేత లతీను భాషలో ఉత్తరం రాయించాడు. నలభై ఆరు జనవరిలో అది వెళ్ళింది. దేవమ్మకు సంగతంతా చెప్పాడు. ఆమె మొదట నమ్మనంది. తరవాత తరవాత, మాటల మధ్యలో, సమాధుంటే ఎట్టాంటిదుంటదయ్యా, రాతిదా, మట్టిదా అని అడగడం మొదలుపెట్టింది. వేసవికల్లా ఆమెకు కొడుకు కాదు, ఆ సమాధి కావాల్సి వచ్చింది. ఎక్కడో ఒకచోట వాడికంటూ ఆరడుగుల దీవించిన నేల ఉందని తెలిస్తే చాలు, గుండె నిలబడుతుందంది. మనిషి ఆశ అంత చిన్నదైపోతుంది.

జవాబు అక్టోబరు మూడో వారంలో వచ్చింది. జీవరత్నం ఆరు మైళ్ళూ నడిచి బంగళాకు వెళ్ళాడు. ఇన్నాసి స్వామి మొదట తనలో తాను చదువుకుని, కళ్ళజోడు తుడుచుకుని, తరవాత తెలుగులో చెప్పాడు.

అక్కడి విచారణ గురువు ముసలివాడు. ఆ డిసెంబరులో వంతెన దగ్గర ముగ్గురు సైనికులు చనిపోయారని రాశాడు. ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళ మెడల్లో బిళ్ళలున్నాయి కాబట్టి పేర్లు తెలిశాయి. మూడోవాడు భారతీయుడు, బట్టలు కాలిపోయాయి, బిళ్ళ లేదు. మెళ్ళో సిలువ గాని జపమాల గాని లేదు. కుడి జబ్బకు మాత్రం నల్లదారంతో రాగి గొట్టం, అందులో చిన్న కాగితం మీద అరబ్బీ అక్షరాలు ఉన్నాయి. ఊళ్ళో లిబియా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు చూసి ఇతను మహమ్మదీయుడన్నాడు. అతని మతానికీ అపచారం, మన నేలకూ అపచారం వద్దని గోడకు బయట, ఆలివు చెట్ల పక్కన మర్యాదగా పూడ్చాం, జపాలేమీ చెప్పలేదు, రిజిస్టరులో ఎక్కించలేదు. మీరు అడిగిన అబ్బాయి ఇతనేనా అన్నది నేను చెప్పలేను.

"మావాడు కాదు సామీ," అన్నాడు జీవరత్నం. వెంటనే అన్నాడు. "మా ఇంట్లో తాయెత్తా!"

ఆ ఒక్క నిమిషం ఆయనకు ఊపిరి సలిపింది. వాడు కాదు. వాడింకెక్కడో ఉన్నాడు. ఇన్నాసి స్వామి ఉత్తరం రెండో పేజీ తిప్పి ఇంకో వాక్యం చదివాడు. ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు, అది పాత గాయం.

బాలశౌరికి తొమ్మిదో ఏట జొన్న చొప్ప నరుకుతుండగా కొడవలి తగిలి ఎడమ చిటికెన వేలు పైముక్క తెగిపోయింది. ఆ ముక్కను దేవమ్మ ఒక గుడ్డలో చుట్టి గుమ్మం పక్కన పూడ్చింది.

జీవరత్నం తలుపు దగ్గరున్న బల్ల మీద కూర్చున్నాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఊరందరి పిల్లల జబ్బలూ తడిమినవాడు తన కొడుకు జబ్బ తడమలేదు. నాగూర్ వలి ఇంటికి దేవమ్మ ఏ వేళ వెళ్ళిందో, ఎట్లా తెచ్చిందో. తండ్రి జపమాల ఇయ్యడని తల్లికి ముందే తెలుసు కాబట్టి ఏదో ఒకటి కట్టి పంపింది. అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది, తెలిసినా లోపల ఏదీ కదల్లేదు. ఏడుస్తాడేమోనని స్వామి నీళ్ళు తెప్పించాడు. ఆయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

ఉత్తరంలో ఇంకొక్క మాట ఉంది. ఇతను జ్ఞానస్నానం పొందినవాడే అయితే అక్కడి రిజిస్టరు నకలు, మీ సంతకం, మీ మేత్రాసనం ముద్ర పంపండి, గోడ లోపలికి తెచ్చి, జపాలు చెప్పి, పేరు ఎక్కిస్తాను అని. ఇన్నాసి స్వామి రిజిస్టరు తీశాడు. పంతొమ్మిది వందల ఇరవై మూడు, బాలశౌరి, తండ్రి జీవరత్నం, తల్లి దేవమ్మ. నకలు రాసి, గుంటూరుకు ముద్ర కోసం ఈవాళే పంపుతానన్నాడు. జీవరత్నం దండం పెట్టి లేచాడు. గుమ్మం దాటబోతూ ఆగి, ముప్పై నాలుగులో మత్తయ్యను కంప బయట పెట్టించింది నేనే సామీ అన్నాడు. ఆ కథ అప్పటికి స్వామికి తెలియదు. జీవరత్నం చెప్పాడు, స్వామి విన్నాడు, పన్నెండేళ్ళ నాటిది నేను ఇప్పుడెలా తీర్చను, మేత్రాణులకు రాయాలి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో మేత్రాసనాల సంగతి తెలిసిన జీవరత్నానికి వేరే చెప్పాలా.

తిరుగుదారిలో ఆరు మైళ్ళూ ఆయన ఒకటే ఆలోచించాడు. దేవమ్మకు ఏం చెప్పాలి? సమాధి దొరికిందనే చెప్పాలి. గోడ దగ్గర, ఆలివు చెట్ల నీడలో అని చెప్పాలి. బయట అన్న మాట మింగేస్తే సరిపోతుంది. ఇంకో ఆరు నెలల్లో ఎలాగూ లోపలికే తెస్తారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. పదిమంది తప్పులు బయటపెట్టి బతికినవాడికి ఒక్క మాట దాచడం పెద్ద పనా అనుకున్నాడు.

దేవమ్మ వాకిట్లో చేటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని దొరికాడే అన్నాడు. గుడి గోడ దగ్గరే ఉన్నాడు, పక్కన చెట్లున్నాయి, మర్యాదగా పూడ్చారట అన్నాడు. ఆమె చేతులు ఆగాయి. కళ్ళ నుంచి నీళ్ళు వాటంతట అవే జొన్నల్లోకి కారాయి, ఆమె తుడుచుకోలేదు. పాతికేళ్ళు ఉపదేశి పెళ్ళాంగా బతికిన మనిషి, సమాధుల దొడ్డి సంగతి ఆమెకు తెలియందేముంది.

"గోడకి ఏ పక్కనయ్యా?" అని అడిగింది.

జీవరత్నం చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేశాడు.

"బయటేగా," అంది దేవమ్మ. "జబ్బకి ఉన్నది చూసి ఉంటారు. నేనే కట్టా. స్టేషనుకి పొయ్యేముందు దొడ్లోకి పిలిచి కట్టా. వద్దమ్మా, నాయన చూస్తే కత్తిరిస్తాడన్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాగి, కనపడదులేరా అన్నా."

ఆమె చేట పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఏమంటాడా అని చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏమంటాడో ఆమెకు ఎప్పుడూ ముందే తెలిసేది.

"వాడు జపమాల అడిగాడే," అన్నాడు జీవరత్నం. "జేబులోనే ఉంది. నేను ఇయ్యలా. అది మెళ్ళో ఉంటే లోపల పెట్టేవాళ్ళు."

కోడి ఒకటి వచ్చి చేటలో జొన్నలు తిన్నది. ఇద్దరిలో ఎవరూ అదిలించలేదు.

సమాధుల పండగకు ముందు మూడు రోజులు తుమ్మకంప నరికి దొడ్డి చుట్టూ పాతది తీసి కొత్తది వేయడం ఏటా ఉండేదే. ఆ ఏడు జీవరత్నం మూడు పక్కలా ఎప్పటిలాగే వేశాడు. తూర్పు పక్కకు వచ్చేసరికి పాత గుంజలు పీకి, ఎనిమిది అడుగులు ముందుకు నడిచి, అక్కడ గుంతలు తీయడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. సంఘం పెద్ద వచ్చి, సామి ఒప్పుకున్నాడా ఉపదేశిగారూ అని అడిగాడు. అడగలేదన్నాడు. ఊరికి వాతలు పెట్టినవాడే ఇట్టా చేస్తే ఎట్టా అని ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. కంపను వట్టి చేతులతోనే లాగి గుంజలకు తొక్కాడు. అరచేతులు చీరుకుపోయి నెత్తురొచ్చింది. బొబ్బలెక్కిన నాటి వేళ్ళలాగే అవీ ఎవరివో చేతులన్నట్టు ఉన్నాయి.

నవంబరు రెండున ఇన్నాసి స్వామి బండి దిగి, గుళ్ళో పూజ చేసి, జనంతో దొడ్డికి వచ్చాడు. సున్నం వాసన, బంతిపూల వాసన, మైనం వాసన. స్వామి తీర్థం చల్లుకుంటూ పడమటి నుంచి తూర్పుకు నడిచాడు. పోయినేడు కంప ఎక్కడుందో ఆయనకు గుర్తే. అక్కడికి రాగానే ఆగాడు. ముందు ఇంకా ఎనిమిది అడుగుల నేల, అందులో సున్నం లేని ఒక మట్టి దిబ్బ.

"కంప జరిగిందేం?" అన్నాడు మెల్లిగా.

"చోటు చాలక సామీ," అన్నాడు జీవరత్నం. యాభై రెండేళ్ళకు ఆడిన మొదటి అబద్ధం. జనమంతా విన్నారు, దొడ్డిలో ఇంకో నలభై మందికి చోటుందని అందరికీ తెలుసు.

స్వామి ఆయన వైపు చూశాడు. చేతుల వైపు చూశాడు. తరవాత తీర్థపు చెంబు పట్టుకున్న మనిషిని రమ్మని, ఆ ఎనిమిది అడుగులూ నడిచాడు. ఆ నేలను దీవించే జపం లతీనులో చెప్పి, దిబ్బ మీద మూడుసార్లు చల్లాడు. మేత్రాణులకు నేను రాసుకుంటాలే అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు.

జ్ఞానమ్మ పన్నెండేళ్ళుగా ఎక్కడ నిలబడేదో అక్కడే నిలబడి ఉంది. ఆమె కదల్లేదు. కంప మాత్రం ఇప్పుడు ఆమె వెనక ఉంది. ఆమె దాన్ని ఒకసారి తిరిగి చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జీవరత్నంతో అప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాలని ఎక్కడా రాసి లేదు.

నిలబడడానికి సొంత సమాధి లేని దేవమ్మ ద్వారం దగ్గర నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి జ్ఞానమ్మ పక్కన చేరింది. తను తెచ్చిన రెండు కొవ్వొత్తుల్లో ఒకటి ఆమె చేతికిచ్చింది. రెండోదాన్ని, గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ దిబ్బ మీదే పెట్టింది. ఇది మత్తయ్యది, ఇది మావాడిది అని ఎవరూ గీత గీయలేదు.

జీవరత్నం చనిపోయినవాళ్ళ పేర్ల పుస్తకం విప్పి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకు జనం, నిత్య విశ్రాంతి దయచేయండి స్వామీ అంటున్నారు. గొంతు ఎప్పటిలాగే ఖంగుమంటోంది. మత్తయ్య పేరు చదివాడు, జనం ఒక క్షణం ఆగి అన్నారు. పేజీ ఆఖరున కొత్త సిరాతో ఉన్న పేరు ఒక్కటే మిగిలింది. తాళ్ళూరి బాలశౌరి, కాస్తెల్వారా మేత్రాసనం, అని చదివి, నలభై ఒకటో విచారణ అనబోయాడు.

ఆయన అనేలోపే, బడిలో చదివి ఇప్పుడు పిల్లల తల్లులూ తండ్రులూ అయినవాళ్ళు వెనక నుంచి, అలవాటైన నోళ్ళు కాబట్టి, అడక్కుండానే అందుకున్నారు.

"నలభై ఒకటి, వంతెన లూచమ్మ."

జీవరత్నం పుస్తకం మూశాడు. చేతిలో ఏదో చురుక్కుమంది. కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మొన్నటి తుమ్మముల్లు ఒకటి చర్మం కింద విరిగి ఉండిపోయి, చుట్టూ ఎర్రగా వాచింది. సలుపుతోంది. ఎప్పటి నుంచి సలుపుతోందో తెలియదు. అబ్బా అన్నాడు, పైకే అన్నాడు, ఇంకోసారి అన్నాడు, ఆ తరవాత ఆపుకోలేకపోయాడు.